మీకు తెలుసా? పిడుదును చంపే ప్యాంటు

పెర్మెత్రిన్ స్ప్రే ఒక్కసారి కొట్టి ఆరబెట్టిన ప్యాంటు, ఐదారు ఉతుకుల దాకా తన మీదికి పాకిన పిడుదులను చంపగలదు!

చామంతి జాతి పూలలోని సహజ విషాన్ని చూసి రూపొందించిన మందు ఇది. పిడుదు ఎగరలేదు, దూకలేదు. గడ్డిపరక కొసన ముందుకాళ్లు చాచి కాచుక్కూర్చుంటుంది. మనిషి రాసుకుంటూ వెళ్లగానే బట్టను పట్టుకుని పైకి పాకుతుంది. అందుకే బూట్లు, సాక్సులు, ప్యాంటు అంచులు మందు కొట్టకుండా అసలు వదలకూడదు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి ఉన్న అమెరికాలో అడవిదారుల్లో నడిచేవారికి (అక్కడి మన తెలుగువాళ్లకూ) ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ చెప్పేది 0.5 శాతం మందు.

ఈ స్ప్రేను ఒంటికి రాయకూడదు. చర్మానికి డీట్ లాంటి మందులు వేరే ఉన్నాయి. బట్టలు విప్పి, ఆరుబయట తీగమీద వేసి కొట్టాలి. పూర్తిగా ఆరాకే తొడుక్కోవాలి. తడి ఆరేదాకా పిల్లిని దగ్గరికి రానివ్వకండి. దాని కాలేయం ఈ మందును సరిగా విడగొట్టలేదు, ప్రాణమే పోవచ్చు.

పొలానికి కొట్టే పురుగుమందును మాత్రం ఎన్నడూ బట్టలమీద చల్లకండి. బట్టలకని లేబుల్ మీద రాసి ఉన్నదే వాడండి.