దిమ్మెల పేర్పు – వివేచనా శిక్షణము

శిశువుల చేతికి దిమ్మెల నిచ్చి చదువు చెప్పు పద్ధతి క్రొత్తది కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ పండితుడు 1837లో బ్లాంకెన్‌బర్గున శిశువిద్యాలయమును నెలకొల్పెను. ఆయన రూపొందించిన ఆటవస్తువులలో రెండంగుళముల ఘనమొకటి కలదు. అది ఎనిమిది చిన్న ఘనములుగా విడివడును. నేడు డెన్మార్కు దేశపు లెగో ఇటుకలు లోకమంతట వ్యాపించినవి. అవి వెలగలవి, మాబోటి పాఠశాలలకు అందవు. అందినను నా పనికి తగవు. వాని బుడిపెలు ఒకదాని నొకటి పట్టుకొనుటచే తప్పుగా పేర్చినదియు చాలవరకు నిలిచియే యుండును. వడ్రంగి కోసి యిచ్చిన నున్నని చెక్కదిమ్మె అట్లు కాదు. తప్పు చేసిన వెంటనే పడిపోవును.

కొడలలో ఎనిమిదవ తరగతి పిల్లలకు నేనిచ్చిన సమస్య యిది. 24 సెంటీమీటర్ల పొడవుగల సమానమైన దిమ్మెలు నాలుగు. వానిని బల్ల అంచున ఒకదానిపై నొకటి పేర్చవలెను. అన్నిటికంటె పైదిమ్మె బల్లను పూర్తిగా దాటి వెలుపల నుండవలెను. జిగురు గాని, వేరు బరువు గాని వాడరాదు.

పిల్లలందరును క్రింది దిమ్మెతోనే మొదలిడుదురు. గోడ కట్టువారిని చూచినవారు గదా! దానిని సగము వెలికి జరుపుదురు. దానిపై రెండవదానిని జరుపగానే అంతయు కూలును. ఇది కానిపని యందురు. అప్పుడు నేను రెండే ప్రశ్న లడుగుదును. ఏ దిమ్మె మొదట ఒరిగినది? దానిపై నెంత బరువున్నది? ఈ సమాధానములు వెదకుటలోనే వారి చూపు క్రిందినుండి పైకి మరలును. పైదిమ్మె మోయునది ఏదియు లేదు. కనుక అది సగము, అనగా 12 సెంటీమీటర్లు, వెలికి రావచ్చును. రెండవది తనపైదానిని మోయుచున్నది. కనుక 6 మాత్రమే రాగలదు. మూడవది 4, నాలుగవది 3. మొత్తము 25. దిమ్మె పొడవుకంటె ఒక సెంటీమీటరు ఎక్కువ! పడునను భయముచే ఒక్కొక్కచోట 2 మిల్లీమీటర్లు వెనుకకు జరిపినను పైదిమ్మె బల్ల దాటియే యుండును. కట్టుట క్రిందినుండియే, లెక్క మాత్రము పైనుండి వేయవలెను. 13వ శతాబ్దిలో కోణార్క జగమోహనమును కట్టిన శిల్పులును కమాను లేకయే రాతివరుసలను ఒకదానికంటె నొకటి ముందుకు జరిపి కప్పును మూసిరి. వారికి ఇనుప దూలములును తోడైనవి.

ఇంతవరకు గణితము. తెలుగు పంతులున కిందు పనియేమని చదువరులు అడుగవచ్చును. గంజాము జిల్లా 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధానినుండి ఒడిస్సాలో చేరినది. అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణమును చేర్చిరి. అయినను దిమ్మెలు కూలినపుడు మా పిల్లలు ఒకరి నొకరు "కాహింకి?" అనియే అడుగుకొందురు. ఒడియాపై నాకు వైరము లేదు. అది వారి వీధిభాష, స్నేహభాష. కాని ఆలోచించుటకు ఒడియా, పాఠము అప్పగించుటకు తెలుగు అని పంపకమైనచో మన తెలుగు ఎన్నాళ్లు నిలుచును?

అందుచే తరగతిలో ఒక నియమము పెట్టితిని. దిమ్మెను కదపకముందే ఏమి జరుగునో, ఎందుచేత జరుగునో తెలుగున ఒక్క వాక్యము చెప్పవలెను. తప్పైనను దోషము లేదు. కారణము మాత్రము ఉండవలెను. మొదటివారము మౌనమే. పిమ్మట ఒక బాలిక, "లోపలి బరువు ఎనక్కి లాగుతాది, అందుకే పడదు" అన్నది. నేను దిద్దలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరలకు సవరభాషలోనే చదువు చెప్పబూనిన గిడుగు రామమూర్తి పంతులుగారు నా యీ గ్రాంథికమును చూచి ఏమనెడివారో గాని, ఆ వాక్యమును మెచ్చుకొనియుండెడివారు.

ఇప్పుడు పిల్లలు రెండు దిమ్మెల పొడవు దాటింతుమని పట్టుపట్టినారు. ఒక పొడవునకు నాలుగు చాలినవి గనుక రెంటికి ఎనిమిది చాలునని వారి వాదము. ఈ పద్ధతిని పేర్చినచో కావలసినవి 31. ఆ సంఖ్యను నేనింకను చెప్పలేదు. మా పెట్టెలో నున్నవి 20.