తోక పట్టుకోవద్దు
మెదడు మీద పరిశోధన చేసే మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చెప్పేది మెదడు సంగతి కాదు, తోక సంగతి. చిట్టెలుకను తోక పట్టి లేపొద్దంటాను. "అందరూ అలాగే పడతారు కదా మేడమ్!" అంటారు. నిజమే, పడతారు. కానీ 2010లోనే బ్రిటన్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్ బృందం తేల్చింది: దోసిట్లోకి తీసుకున్నా, ప్లాస్టిక్ గొట్టంలోకి నడిపించి ఎత్తినా ఎలుకకు బెదురు తక్కువ. బెదిరిన ఎలుక కొత్త పెట్టెలో గోడ వెంటే నక్కుతుంది, జ్ఞాపకశక్తి పరీక్షలో చూడాల్సిన వస్తువు దగ్గరికే పోదు. దానికేమో మనం 'జ్ఞాపకశక్తి తక్కువ' అని రాసేస్తాం!

మనిషి వాసనా లెక్కే. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చూపించారు: మగవాళ్లు తొడిగి విడిచిన టీషర్టు దగ్గర పెట్టినా చాలు, ఎలుకలకు ఒత్తిడి పెరిగి నొప్పి తెలియడం తగ్గుతుంది. అందుకే ఏ ఎలుకను ఎవరు పట్టుకున్నారో కూడా మా రికార్డులో ఉంటుంది.

ఎలుకలు రాత్రి తిరిగే ప్రాణులు. అందుకే గదిలో లైట్ల వేళలు తిరగేసి, మన పగటిని వాటికి చీకటి చేస్తాం. ఎర్ర దీపం కింద పని. ఆ రంగు వాటికి దాదాపు కనబడదు.

ఇంత చేసి చూసేది అర గ్రాముకు మించని మెదడు. అందులో సుమారు 7 కోట్ల నాడీకణాలు. మనకైతే 8,600 కోట్లు. చివరికి చాలావాటిని, నొప్పి తెలియకుండా, చంపాల్సే వస్తుంది. ఆ పని నేను కొత్తవాళ్లకు అప్పగించను.