దీపం చెప్పే మాటకు నీడ అడ్డమైతే?

1880 లో వాషింగ్టన్ నగరంలో, ఫ్రాంక్లిన్ స్కూలు డాబా మీద నిలబడి, ఛార్లెస్ టెయింటర్ అనే ఆయన ఎండతో కబురు పంపాడు. పల్చని అద్దం వెనుకనుంచి మాట్లాడితే అద్దం అదిరింది. దానిమీద పడి మళ్ళిన వెలుతురు ఆ అదురుకు తగ్గట్టు హెచ్చుతగ్గులయింది. 213 మీటర్ల అవతల గ్రాహంబెల్ సెలీనియం పరికరంతో ఆ వెలుతురును పట్టి మాటలు విన్నాడు. టెలిఫోనుకంటె యిదే గొప్పదని ఆయన మురిసిపోయాడట! కాని మబ్బు పడితే మాట నిలిచిపోయేది. లోకం రేడియో వెంట వెళ్ళింది.

యిప్పుడు ఎండతో పని లేదు. మన యిళ్ళలోని ఎల్.ఇ.డి. దీపాన్ని సెకనుకు లక్షలసార్లు మినుకుమనిపించవచ్చు. కంటికి తెలియదు, యంత్రానికి తెలుస్తుంది. 2011 లో ఎడింబరో ఆచార్యుడు హెరాల్డ్ హాస్ దీనికి 'లై-ఫై' అని పేరు పెట్టాడు. 2023 లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

వెలుతురు గోడ దాటదు కనుక పొరుగింటివారు వినలేరు. మంచిదే. కాని దీపానికీ యంత్రానికీ మధ్య మనిషి నిలబడితే? గోడలమీద పడి వచ్చే వెలుతురు కొంత చేరుతుంది గాని, అది బలహీనం. ఆసుపత్రి గదిలో డాక్టరు మార్చిన మందు మోతాదు పైకప్పు దీపం ద్వారా మంచం పక్క తెరకు వస్తున్నదనుకోండి. నర్సు నీడ పడి అంకె తారుమారైతే అది చిన్న విషయం కాదు.

అందుకే నడుమ మరో దీపాన్ని, బల్లదీపమే అనుకోండి, దూతగా పెడతారు. పైదీపం మాటను అది అందుకుని ముందుకు పంపుతుంది. దూతలు రెండు రకాలు. ఒకటి, విన్నదాన్ని బిగ్గరగా తిరిగి చెబుతుంది. దాంతో రొద కూడా బిగ్గరవుతుంది. రెండవది అర్థం చేసుకుని, శుభ్రంగా తిరగరాసి పంపుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వెంటనే తాళపత్ర లేఖకులు గుర్తొచ్చారు. పురుగు తిన్న చోటును అలాగే దించినవాడొకడు. తోచిన అక్షరం వేసి పూర్తిచేసినవాడొకడు. రెండోవాడు పొరబడితే ఆ తప్పు ఒప్పులాగే కనబడుతుంది. అసలు ప్రమాదం అదే!

పద్యానికైతే యతిప్రాసలున్నాయి. యతి కుదరకపోతే అక్షరం మారిందని పట్టుకుంటాం. యంత్రాల సందేశానికీ అలాగే కొన్ని అదనపు అంకెలు కలుపుతారు. దూత వాటిని సరిచూస్తుంది. లెక్క కుదరకపోతే ఆ సందేశాన్ని పంపదు. నన్నడిగితే నమ్మదగిన దూత యిదే. పైదీపం నుంచి తిన్నగా వచ్చిన ప్రతినీ, దూత తెచ్చిన ప్రతినీ మంచం పక్క యంత్రం కలిపి చూసుకుంటుంది. బ్రౌన్ దొర పండితులచేత నాలుగు ప్రతులు పోల్పించలేదూ?

ఖర్చు లేకపోలేదు. ఒకే మాట రెండుమార్లు ప్రయాణిస్తుంది కనుక వేగం కొంత తగ్గుతుంది. మరొకటి, దూతమీదా అదే నీడ పడితే ప్రయోజనం సున్న. కాబట్టి ఆ బల్లదీపం నర్సు నిలబడే వైపున కాక, మంచానికి అవతలివైపున వుండాలి.