క్రొత్తగా సైకిలు త్రొక్కేవారికి గాలి నేర్పే పాఠం

ఇంటికి 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న కళాశాలకు ఒక విద్యార్థి బస్సు మానుకొని సైకిలుపై వెళ్ళడం మొదలుపెట్టినాడనుకుందాము. మొదటి రోజున దారిలో రెండు చోట్ల ఆగి, చెమటలు కక్కుతూ 40 నిమిషాలకు చేరుకుంటాడు. వారం తిరిగేసరికి ఎక్కడా ఆగకుండా పోగలుగుతాడు. నెల నాటికి ప్రయాణకాలం 32 నిమిషాలకు, రెండవ నెల ముగిసేసరికి 24 నిమిషాలకు దిగుతుంది. అతని ఉత్సాహానికి మేర ఉండదు. మూడవ నెలలో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఎంత ఒళ్ళు వంచినా గడియారం 23 నిమిషాల దగ్గరనే మొండికేస్తుంది. కొన్ని రోజులలో 26, 27 కూడా చూపిస్తుంది.

ఈ దశలో కొందరు తమ శక్తి ఇంతేనని నిరాశపడి సైకిలును అటకెక్కిస్తారు. మరికొందరు పంతం పట్టి, రద్దీలో సందు దొరికిన చోటల్లా దూరిపోతూ ప్రాణం మీదికి తెచ్చుకొంటారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. బలం పెరిగినంతగా వేగమూ పెరగవలెననే భ్రమ అది. పదార్థవిజ్ఞానం చెప్పే లెక్క వేరుగా ఉన్నది.

ఎదిరించే శక్తులు రెండు

చదునైన రోడ్డుపై సైకిలును వెనుకకు లాగే శక్తులు ముఖ్యంగా రెండు. మొదటిది టైరు వలన కలిగేది. నేలను తాకిన చోట టైరు కొంచెం నొక్కుకుపోయి, పైకి లేచినపుడు మళ్ళీ తన ఆకారాన్ని పొందుతుంది. ఇలా నొక్కుకొన్నపుడు గ్రహించిన శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. ఈ నిరోధం వేగంతో పాటు పెద్దగా మారదు.

రెండవది గాలి. ఇది వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని అధిగమించడానికి సెకనుకు ఖర్చు చేయవలసిన శక్తి, అనగా సామర్థ్యం, నిరోధాన్ని వేగంతో గుణించగా వస్తుంది కనుక, అది ఎనిమిది రెట్లవుతుంది.

60 కిలోల మనిషి, 15 కిలోల మామూలు సైకిలుపై నిటారుగా కూర్చొని, గాలి వీచని వేళ త్రొక్కుతున్నాడనుకొని లెక్కకట్టవచ్చును. టైరు నిరోధం సుమారు 6 న్యూటన్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగం వద్ద గాలి నిరోధం కూడా దాదాపు అంతే ఉంటుంది. 8 కిలోమీటర్ల దారికి ఫలితాలు ఇలా వస్తాయి.

గంటకు 15 కి.మీ.: 50 వాట్లు, 32 నిమిషాలు
గంటకు 20 కి.మీ.: 92 వాట్లు, 24 నిమిషాలు
గంటకు 25 కి.మీ.: 157 వాట్లు, 19 నిమిషాల 12 సెకనులు
గంటకు 30 కి.మీ.: 250 వాట్లు, 16 నిమిషాలు

రోడ్డును, టైరును, శరీరాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారవచ్చును. వాటి పోకడ మాత్రం మారదు. మొదటి మెట్టు ఎక్కడానికి 42 వాట్లు అదనంగా పెడితే 8 నిమిషాలు కలిసి వస్తాయి. చివరి మెట్టుకు 93 వాట్లు అదనంగా పెట్టినా కలిసి వచ్చేది 3 నిమిషాల పైచిల్లర మాత్రమే. 24 నిమిషాలలో చేరుతున్న విద్యార్థి బలం 15 శాతం పెరిగినదనుకొంటే, అతని ప్రయాణకాలం సుమారు 1 నిమిషం 20 సెకనులు తగ్గుతుంది. కూడలిలో ఒక్క ఎర్రదీపం వెలిగితే ఆ లాభం కాస్తా మాయమవుతుంది. మూడవ నెలలో అతని ప్రగతి ఆగలేదు. గడియారంలో కనబడడం మాత్రమే తగ్గినది.

ఆరితేరిన పోటీదారులకు కూడా గాలియే ప్రధాన ప్రత్యర్థి. బెల్జియం దేశస్థుడైన ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో అత్యధిక దూరం త్రొక్కే ప్రయత్నానికి 1972లో మెక్సికో నగరాన్ని ఎన్నుకొన్నాడు. రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉండే ఆ నగరంలో గాలి పలుచన. అక్కడ అతడు 49.431 కిలోమీటర్లు పోగలిగినాడు. 2022లో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండులోని గ్రెన్షెన్‌లో పైకప్పు గల పథంపై 56.792 కిలోమీటర్లు త్రొక్కినాడు. గాలిని సులభంగా చీల్చుకొనిపోయేటట్లు శరీరాన్నీ, సైకిలునూ, దుస్తులనూ అమర్చుకోవడం ఈ వృద్ధికి ఒక ముఖ్య కారణం.

ఎదురుగాలి రోజున

కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలలో ఈ సంగతి రోజూ అనుభవానికి వస్తుంది. పగటివేళ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి తేలికై పైకి లేవగా, మధ్యాహ్నం నుండి సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. సముద్రం వైపున ఇల్లు ఉన్న విద్యార్థి సాయంత్రం దానికి ఎదురు త్రొక్కవలసినదే. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలిలో 15 కిలోమీటర్ల వేగంతో పోతే శరీరానికి తగిలే గాలి వేగం 25 అవుతుంది. అపుడు కావలసిన సామర్థ్యం 95 వాట్లు. అనగా గాలి లేని రోజున 20 కిలోమీటర్ల వేగానికి పడే శ్రమకు ఇది తీసిపోదు. ఆ రోజు ఆలస్యమైనందుకు తనను తాను నిందించుకోవలసిన పని లేదు.

శరీరంలో జరిగే మార్పులు

కంటికి కనబడకపోయినా శరీరం మారుతూనే ఉంటుంది. సాధన మొదలైన తొలి రోజులలోనే రక్తంలోని ద్రవభాగం పెరగనారంభిస్తుంది. క్రమంగా గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది కనుక, అదే పనికి తక్కువసార్లు కొట్టుకొంటే చాలుతుంది. కండరాలలో సన్నని రక్తనాళికలు పెరుగుతాయి. కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కూడా వృద్ధి చెందుతాయి. జాన్ హాలోజీ 1967లో ప్రచురించిన పరిశోధనలో, వారాల తరబడి పరుగు సాధన చేసిన ఎలుకల కండరాలలో ఆక్సిజన్‌ను వినియోగించుకొనే శక్తి దాదాపు రెట్టింపైనట్లు తేలినది. ఇక ఎండకు శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

ఈ మార్పులు బలపడడానికి శ్రమతో పాటు విశ్రాంతి కూడా కావలెను. ప్రతి దినం శక్తినంతా ధారపోసేవాడు అలసటను మాత్రమే పోగుచేసుకొంటాడు. వారంలో ఎక్కువ రోజులు ప్రక్కవారితో తడబడకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగా త్రొక్కవలెను. ఒకటి రెండు రోజులు మాత్రం, ఖాళీగా ఉన్న రోడ్డుపై, రెండు మూడు నిమిషాల చొప్పున నాలుగైదుసార్లు గట్టిగా త్రొక్కి, మధ్యలో తేరుకొంటూ ఉంటే చాలును.

ఖర్చు లేని లాభాలు

గంటకు 15 కిలోమీటర్ల వద్ద శ్రమలో సగం టైరుకే పోతున్నది కనుక, క్రొత్తవారికి అన్నిటికంటే మేలైన సాధనం గాలి కొట్టే పంపు. టైరు ప్రక్కన అచ్చువేసిన హద్దులకు లోబడి గాలి నింపుకోవలెను.

రెండవది సీటు ఎత్తు. పెడలు అన్నిటికంటే క్రింద ఉన్నపుడు దానిపై మడమ ఆనిస్తే మోకాలు దాదాపు నిటారుగా ఉండవలెను. అపుడు పాదం ముందు భాగంతో త్రొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాళ్ళపై ఒత్తిడి పెరుగుతుంది.

మూడవది పెడలు తిరిగే వేగం. 92 వాట్ల సామర్థ్యాన్ని నిమిషానికి 50 చుట్లతో సాధించాలంటే పెడలుపై సగటున సుమారు 10 కిలోల బరువంత బలం వేయవలెను. 75 చుట్లతో ఐతే 7 కిలోల బరువంత చాలును. గేర్లు ఉన్నవారు తేలిక గేరులో చురుకుగా త్రొక్కవలెను. గేర్లు లేని సైకిలుకు ముందు 44, వెనుక 18 పళ్ళు ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగినపుడు సైకిలు 5.4 మీటర్లు పోతుంది. వెనుక 20 పళ్ళ చక్రం వేయించుకొంటే 4.8 మీటర్లే పోతుంది, కాలికి భారం తగ్గుతుంది.

వేగానికి మరొక వెల

వేగానికి చెల్లించే వెల వాట్లతో ముగియదు. అడ్డు కనబడినప్పటి నుండి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనీ, రోడ్డు పొడిగా ఉండి బ్రేకులు చక్కగా పనిచేస్తున్నవనీ అనుకొందాము. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు సుమారు 7 మీటర్లలో ఆగగలడు. 25 కిలోమీటర్లతో పోయేవానికి 15 మీటర్లు కావలెను. రిమ్ముపై పట్టే బ్రేకులకు వానలో ఈ దూరం ఇంకా పెరుగుతుంది. 8 కిలోమీటర్ల దారిలో 20 నుండి 25కు పెంచితే మిగిలేది 5 నిమిషాల లోపే. రద్దీ రోడ్డుపై ఆ నిమిషాల కోసం పంతం పట్టడం కంటే ఇంటి నుండి 5 నిమిషాలు ముందు బయలుదేరడం తెలివైన పని.

ప్రగతిని కొలిచే విధానం

వారానికి ఒకసారి, గాలి నెమ్మదించిన ఉదయం వేళ, అదే దారిని మామూలు వేగంతో త్రొక్కి, దిగిన వెంటనే 15 సెకనులపాటు నాడిని లెక్కించి నాలుగుతో గుణించవలెను. కాలాన్నీ నాడినీ నోటుపుస్తకంలో ప్రక్క ప్రక్కన వ్రాసుకోవలెను. వారాలు గడిచేకొద్దీ కాలం మారకపోయినా నాడి తగ్గుతూ ఉంటే, గడియారం దాచిన ప్రగతి అక్కడ బయటపడుతుంది.

ఉపాధ్యాయులు ఆటస్థలంలో మరొక ప్రయోగం చేయించవచ్చును. చిన్న వాలు పైనుండి, ఒకే గుర్తు దగ్గర బయలుదేరి, పెడలు త్రొక్కకుండా సైకిలు ఎంత దూరం పోయి ఆగునో కొలవవలెను. మొదట టైరులో గాలి తగ్గించి, తరువాత నిండుగా నింపి, ఒకే విద్యార్థి చేత మూడేసి సార్లు చేయించి సగటు తీయవలెను. రెండు దూరాల మధ్య తేడాను స్వయంగా టేపుతో కొలిచిన విద్యార్థి, మరునాడు బడికి బయలుదేరే ముందు టైరును ఒకసారి నొక్కి చూడక మానడు.