చుట్ట పేరు పెట్టుకున్న జాకెట్

తెలుగింట్లో 'జాకెట్టు' అంటే ఆడవాళ్ల రవిక. మగవాళ్లది అని తెలియాలంటే ముందు 'లెదర్' తగిలించాలి. చిత్రమేమిటంటే, అలా తగిలించి అమ్మే చాలా జాకెట్లలో లేనిది ఆ లెదరే.

నకిలీ తోలును మనం రెక్సిన్ అంటాం. ఒకప్పుడు అది ఇంగ్లండ్‌లో ఒక కంపెనీ సరుకు పేరు. గుడ్డకు పూత పూసి తోలులా కనిపించేలా చేసేవారు. ఆ కంపెనీ ఉన్న ఊరు మాంచెస్టర్ దగ్గర హైడ్. ఇంగ్లిషులో పశువు తోలును కూడా 'హైడ్' అనే అంటారు, రాతలో ఒక్క అక్షరమే తేడా. నకిలీ తోలుకు ఇంతకంటే తగిన పుట్టిల్లు ఎక్కడ దొరుకుతుంది!

ఇప్పటి నకిలీలు ఎక్కువగా గుడ్డ మీద పాలియురెథేన్ పూత వేసినవి. గాలిలోని తేమ ఆ పూతను మెల్లగా విడగొడుతుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో, ఒక్కరోజు తొడక్కపోయినా బీరువాలోనే పొట్టు రాలడం అందుకే. అసలుదో కాదో తేల్చుకోవడానికి అగ్గిపుల్ల గీయనక్కర్లేదు, షాపువాడు ఊరుకోడు కూడా. తెగిన అంచు ఎక్కడైనా బయటికి కనిపిస్తే చూడండి. తోలైతే పీచుపీచుగా ఉంటుంది, రెక్సినైతే అడుగున గుడ్డ నేత బయటపడుతుంది.

'జెన్యూన్ లెదర్' అన్న చీటీ చూసి మురిసిపోకండి. అది తోలే అన్న హామీ, మంచి తోలన్న హామీ కాదు. పై పొరను గీకకుండా ఉంచిన 'ఫుల్ గ్రెయిన్' అన్నిటికంటే మేలు రకం. దాని మీద ముళ్ల గీతలు, పురుగు కాట్ల మచ్చలు కనిపించవచ్చు. మచ్చే లేని నున్నటి తోలును చూసినప్పుడే నాకు అనుమానం.

మోటారుసైకిల్ జాకెట్ అనగానే కళ్లముందు మెదిలే ఆకారం 1928లో న్యూయార్క్‌లో పుట్టింది. ఇర్వింగ్ షాట్ అనే ఆయన దాన్ని కుట్టి, తనకిష్టమైన చుట్ట పేరే పెట్టాడు: పర్ఫెక్టో. ధర అయిదున్నర డాలర్లు. దాని జిప్పు నడిమధ్యన కాకుండా పక్కకు వాలి ఉంటుంది. అది సోకు కోసం కాదు. ముందు భాగాలు రెండూ ఒకదాని మీదొకటి పడి, ఎదురుగాలి రొమ్ముకు తగలదు. బండి మీద ముందుకు వంగినా జిప్పు పొట్టలో గుచ్చుకోదు. 1953లో 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో ఈ తరహా జాకెట్ తొడిగాక బండి లేనివాళ్లూ కొనడం మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత 'రెబెల్ వితౌట్ ఎ కాజ్'లో జేమ్స్ డీన్ వేసుకున్న ఎర్ర జాకెట్‌నూ లెదరనుకుంటారు కొందరు. అది ఉత్త గుడ్డ!

నడుం దగ్గర, మణికట్టు దగ్గర ఊలు పట్టీ ఉండే జాకెట్లకు మూలం విమానాలు. అమెరికా సైనిక విమానదళం 1931లో ఖాయం చేసిన ఎ-2 ఎక్కువగా గుర్రపు తోలుతో తయారయ్యేది. వాళ్ల నౌకాదళం జి-1కు మేకతోలును ఎంచుకుంది. మేకతోలు పలచగా ఉన్నా గట్టిది. గొర్రెతోలు వెన్నలా మెత్తన, కానీ గోరు గీసినా గుర్తు పడుతుంది. మన ఎండలకు ముప్పాతిక మిల్లీమీటరు మందం చాలు. బైక్ మీద రక్షణకని కొనేవాళ్లు మాత్రం ఈఎన్ 17092 అన్న యూరప్ ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడాలి. షోకు జాకెట్ తారురోడ్డుకు ఆగదు.

నూగులా ఉండే తోలును స్వేడ్ అంటారు, ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం స్వీడన్. స్వీడన్ చేతితొడుగుల పేరే ఆ నూగు తోలుకు వచ్చింది. వానంటే దానికి గిట్టదు.

కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది భుజం. గుడ్డలో కుట్టు విప్పితే సూది రంధ్రాలు పూడుకుపోతాయి, తోలులో జన్మంతా ఉంటాయి. చేతుల పొడవు తగ్గించవచ్చు, భుజం సరిచేయడం కొత్తది కుట్టినంత పని. కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. తొడుక్కుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి చూడండి. మొదట్లో కాస్త బిగుతుగా ఉన్నా ఫరవాలేదు, వాడగా వాడగా తోలు సాగుతుంది.

ఇక ఆ తోలు తయారీ సంగతి. బతుకమ్మలో పేర్చే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెట్టు బెరడుతోనే దక్షిణాదిలో తోళ్లు పదును చేసేవారు, చివర్లో కరక్కాయ వాడేవారు. అలా వారాలు పట్టే పనిని క్రోమియం లవణాలు రోజుల్లోకి తెచ్చాయి. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను ఏళ్ల తరబడి నడిపించింది మనవాడే, తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. ఆయన 1985లో కనిష్క అనే విమానం పేలుడులో చనిపోయారు.

మన దగ్గర జాకెట్ ఒంటి మీదికంటే బీరువాలోనే ఎక్కువ కాలం ఉంటుంది. షాపులో ఇచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేసి, వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, పాత నూలు పంచె కప్పండి. వానాకాలంలో బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి నీడన గాలికి ఉంచాలి. వడియాల్లా డాబా మీద ఎండబెడితే తోలు కూడా వడియంలాగే పెళుసెక్కుతుంది.