ఆటపెట్టె ఖరీదెంత? ఆట ఆపే వేళ ఏది?



పట్టణంలో చదువుకుంటున్న కొడుకు సెలవులకు ఇంటికి వచ్చి, "నాన్నా, నాకు ప్లేస్టేషన్ కొనిపెట్టు, పోటీలలో ఆడి డబ్బు సంపాదిస్తాను" అని అడిగితే పల్లెలో ఉన్న తండ్రి ఏమని జవాబు చెప్పాలి? ఆ పెట్టె ఎలా ఉంటుందో ఆయన చూసి ఎరుగడు. తల్లి "బిడ్డ నోరు తెరిచి అడిగాడు గదా, ధాన్యం డబ్బులు వచ్చాక ఇద్దాం" అంటుంది. వద్దంటే బిడ్డ మనసు నొచ్చుకుంటుంది. సరేనంటే అది ఎంతవరకు పోతుందో తెలియదు.

ఈ దినాలలో ఇలాంటి ప్రశ్న ఎన్నో ఇండ్లలో వినబడుతున్నది. నిదానంగా ఆలోచిస్తే ఇందులో రెండు నిర్ణయాలు ఉన్నాయి. ఒకటి కొనడం, రెండవది ఆపడం. మొదటిదాన్ని గురించి ఇంటిల్లిపాది మాట్లాడుకుంటారు. రెండవదాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. కాని ఎక్కువ నష్టం వచ్చేది ఆ రెండవచోటనే.

పెట్టె ధర, మేత ధర

గేమ్ కన్సోల్ అంటే టీవీకి తగిలించి, రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్‌తో ఆడే కంప్యూటర్ వంటి పెట్టె. ఇది కొత్త వస్తువేమీ కాదు. 1972లోనే అమెరికాలో మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే పెట్టె ఇండ్లకు వచ్చింది. 1983లో జపానులో నింటెండో వారి ఫ్యామిలీ కంప్యూటర్, 1994లో సోనీ వారి ప్లేస్టేషన్ వచ్చాయి. ప్లేస్టేషన్‌లో మూడవది 2006లో, నాలుగవది 2013లో, ఐదవది 2020లో వచ్చింది. అంటే ఏడేళ్లకొకసారి కొత్త పెట్టె! మూడవదాని డిస్కులు నాలుగవదానిలో ఆడవు. నాలుగవదాని ఆటలు చాలావరకు ఐదవదానిలో ఆడతాయి. కాబట్టి కొత్తది రాగానే కొనకపోతే వెనుకబడిపోతామనే భయం అక్కరలేదు. కొన్నాళ్లు ఆగినవాడికి వాడిన పెట్టె తక్కువ ధరకు దొరుకుతుంది.

ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. డిస్కు పెట్టే వీలులేని రకం 39,990 రూపాయలు. ఈ పదివేల తేడా చూసి చాలామంది రెండవది తీసుకుంటారు. అయితే డిస్కు ఉంటే ఒక ఆట పూర్తయ్యాక స్నేహితుడికి ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు, పాతది కొనుక్కోవచ్చు. డిస్కు లేని రకంలో కొన్న ఆటను మరొకరికి అమ్మడానికి వీలుండదు. పదివేలు మిగిలాయని సంతోషించినవాడు నాలుగైదు ఆటలు కొనేసరికి ఆ మిగులు కరిగిపోతుంది.

గేదెను కొనేవాడు దాని ధర ఒక్కటే చూడడు. దాణా ఎంత, గడ్డి ఎంత, కొట్టం సంగతేమిటి అని లెక్క వేసుకుంటాడు. ఆటపెట్టెకు కూడా మేత ఉన్నది. ప్లేస్టేషన్ 5 వచ్చిన కొత్తలో కొన్ని ఆటలకు ఒక్కొక్కటి 4,999 రూపాయలు పెట్టవలసి వచ్చింది. చాలా ఆటలను ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో కలిసి ఆడాలంటే ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా కట్టాలి. కొన్ని ఆటలు 100 జీబీ దాటుతాయి గనుక మంచి ఇంటర్నెట్ కనెక్షన్ ఉండాలి. డిస్కు ఉన్న రకాన్ని ఇక నష్టానికి అమ్మడం లేదని 2021 ఆగస్టులో సోనీ చెప్పింది. అంటే అప్పటిదాకా తయారీ ఖర్చుకన్న తక్కువకే అమ్మిందన్నమాట. ఏ వ్యాపారీ ఊరికే నష్టపోడు గదా! పెట్టె మీద పోయినదాన్ని ఆటల మీద, చందాల మీద రాబట్టుకోవడమే ఈ వ్యాపారపు పద్ధతి.

కాబట్టి కొనే ముందు మూడు సంవత్సరాల ఖర్చు ఒక కాగితం మీద బిడ్డ చేతనే వ్రాయించండి. పెట్టె, ఆటలు, చందా, ఇంటర్నెట్, అన్నీ వ్రాయించండి. ఆ మొత్తాన్ని అప్పు చేయకుండా భరించగలిగితే, ఇంట్లో అందరూ కలిసి ఆడుకోవడానికి ఒక పెట్టె కొనడంలో తప్పేమీ లేదు. ఆట బిడ్డలకు అవసరమే. కాని "పోటీలలో గెలిచి ఈ డబ్బు తిరిగి తెస్తాను" అని ఆ కాగితంలో ఆదాయం వైపు వ్రాస్తే మాత్రం ఆ వరుసను కొట్టివేయండి. ఎందుకో చూడండి.

నాలుగు కోట్లమందిలో ఒకడు

2019 జూలైలో న్యూయార్కులో ఫోర్ట్‌నైట్ అనే ఆటకు ప్రపంచ కప్పు జరిగింది. ఒంటరిగా ఆడే విభాగంలో కైల్ గీర్స్‌డార్ఫ్ అనే పదహారేళ్ల అమెరికా బాలుడు గెలిచి 30 లక్షల డాలర్లు సంపాదించాడు. ఈ వార్త లోకమంతా పాకింది. అయితే దానితోపాటు చెప్పవలసిన మరొక సంగతి ఉన్నది. ఆ కప్పు కోసం ఇంటర్నెట్‌లో జరిగిన అర్హత పోటీలలో నాలుగు కోట్లమందికి పైగా ఆడారు. వారిలో ఆ విభాగపు చివరి పోటీకి చేరినవారు నూరుమంది. ఆ బాలుడి ఫోటో మన బిడ్డల ఫోన్లలో ఉన్నది. మిగిలిన కోట్లమంది ఫోటోలు ఎవరి ఫోన్లో ఉన్నాయి?

ఇంకొక మాట. ఆటస్థలం ఆటగాడిది కాదు. కబడ్డీకి మన ఊరి ఖాళీస్థలం చాలు, ఎవరూ దాన్ని మూసివేయరు. వీడియో ఆటకు యజమాని ఉంటాడు. కాల్ ఆఫ్ డ్యూటీ ఆట లీగ్ 2020లో ప్లేస్టేషన్ 4 మీద జరిగింది. 2021 నుండి దాన్ని కంప్యూటర్ మీదికి మార్చారు. పోటీ కోసమని పెట్టె కొనుక్కున్నవాడు మరుసటి ఏడు కంప్యూటర్ వెతుక్కోవలసి వచ్చింది. మన దేశంలోనూ అంతే. ఎందరో యౌవనస్థులు రాత్రింబవళ్లు సాధన చేసిన పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించింది. దాని స్థానంలో 2021 జూలైలో వచ్చిన బీజీఎంఐ ఆటను 2022 జూలైలో యాప్ దుకాణాల నుండి తీసివేశారు. 2023 మేలో అది తిరిగి వచ్చింది. ఈ మధ్యకాలంలో దాన్నే నమ్ముకున్నవారి సంగతి ఆలోచించండి.

ఇరవై మూడేళ్ల చేతులు

చైనాలో జియాన్ జిహావ్ అనే ఆటగాడు ఉన్నాడు. లోకం ఆయనను ఊజీ అనే ఆటపేరుతో ఎరుగును. 1997లో పుట్టిన ఈయన లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆటలో 2013లోనే, పదహారేళ్ల వయసులో, ప్రపంచ పోటీ చివరి ఆటకు చేరాడు. అందులో ఓడిపోయాడు. 2014లో మళ్లీ చేరి మళ్లీ ఓడిపోయాడు. 2018లో ఆయన జట్టు పారిస్‌లో మధ్యంతర అంతర్జాతీయ పోటీ గెలిచింది. అదే సంవత్సరం జకార్తా ఆసియా క్రీడలలో ప్రదర్శన పోటీగా పెట్టిన ఈ ఆటలో చైనా జట్టు మొదటి స్థానం పొందినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నాడు. కాని ప్రపంచ పోటీ మాత్రం ఆయనకు దక్కలేదు. అదే ఆయన కల.

2020 జూన్ 3న ఆయన ఆట మానుకుంటున్నానని ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 23 సంవత్సరాలు. ఏళ్ల తరబడి మానసిక ఒత్తిడి, ఊబకాయం, వేళాపాళా లేని తిండి, రాత్రి మేలుకోవడం వలన తనకు రెండవ రకం మధుమేహం వచ్చిందని చెప్పాడు. మందులు వాడినా శరీరం కోలుకోలేదన్నాడు. చేతుల నొప్పి అంతకుముందునుండే ఉన్నది. ఆయన చేతులు నలభై, యాభై ఏళ్లవాని చేతులలా ఉన్నాయని వైద్యుడు చెప్పినట్లు 2019లో వచ్చిన ఒక ప్రకటన చిత్రంలో ఆయనే చెప్పుకున్నాడు.

కూర్చుని ఆడే ఆటకు చేతులు పాడవుతాయా అని మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. బీడీలు చుట్టే తల్లులను అడగండి, చెబుతారు. బరువేమీ మోయకపోయినా, ఒకే కదలికను రోజుకు వేలసార్లు చేస్తే మణికట్టులోని స్నాయువులు వాచిపోతాయి. దక్షిణ కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ ఆడిన పేరుగల ఆటగాళ్లు నిమిషానికి 300 సార్లకు పైగా మీటలు నొక్కేవారు. వారిలో అగ్రగణ్యుడైన లీ యంగ్ హో, 'ఫ్లాష్' అని పేరు పొందినవాడు, 2011లోనే చేతికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2015 డిసెంబరులో ఆయన వృత్తి ఆటకు వీడ్కోలు చెప్పినప్పుడు ఆయనకు కూడా 23 ఏళ్లే. మన ఊళ్లో ఆ వయసువాడు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటాడు!

ఆపడం ఓటమి కాదు

అమెరికాలో థామస్ పాపరాటో అనే కాల్ ఆఫ్ డ్యూటీ ఆటగాడు ఉన్నాడు. కన్సోల్ మీద ఆడి పైకి వచ్చినవాడు. బొటనవేలికి శస్త్రచికిత్స చేయించుకుని కొన్నేళ్లు ఆడాడు. నొప్పి తిరిగి వచ్చింది. 2021 జనవరిలో ఆయన పోటీ నుండి తప్పుకున్నాడు. ఆ తరువాత అదే ఆట ప్రసారాలలో కూర్చుని ఆటతీరును విశ్లేషించి చెప్పే పనిలో చేరాడు. చేతులు ఇక పనికిరాకపోయినా, ఇన్నేళ్లు నేర్చుకున్న తెలివి పనికివచ్చింది.

ఊజీ సంగతి మరొక విధంగా సాగింది. ఏడాదిన్నర విశ్రాంతి తరువాత, 2021 డిసెంబరులో, ఆయన వేరే జట్టులో చేరి మళ్లీ ఆడాడు. కాబట్టి ఆపడమంటే తలుపుకు శాశ్వతంగా తాళం వేయడం కాదు. శరీరం అడిగినప్పుడు నిలిచినవాడికి తిరిగి నడిచే అవకాశం ఉండవచ్చు. నిలవనివాడికి ఆ అవకాశం కూడా తగ్గిపోతుంది.

ఆపడం ఎందుకు అంత కష్టం? మనం "ఒట్టి ఆటే గదా, మానెయ్యి" అంటాము. కాని ఆ యౌవనస్థునికి అందులో ఒక పేరు ఉన్నది. జట్టులో స్నేహితులు ఉన్నారు. రేపు ఏమి చేయాలో చెప్పే కార్యక్రమం ఉన్నది. ఆట మానిన మరుసటి ఉదయం ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. అప్పుడు ఇంట్లోవారు "అన్ని వేలు తగలేశావు, చివరికి ఏమి సాధించావు?" అని దెప్పితే వాడు మళ్లీ ఆ గదిలోకే పోతాడు. ఆ మాట అనకుండా ఉండడమే తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి సహాయం.

ఇంట్లో చేసుకోవలసిన ఒప్పందం

పొలానికి నీరు పెట్టేటప్పుడే గండి ఎక్కడ కట్టాలో చూసుకుంటాము. అలాగే పోటీలోకి దిగే ముందే ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకోవాలి. ఎంతకాలం ప్రయత్నిస్తావు? ఎంత డబ్బు దాటితే ఆపుతావు? పరీక్ష తప్పితే ఏమి చేస్తావు? చేతికి నొప్పి వచ్చి రెండు వారాలైనా తగ్గకపోతే వైద్యుని దగ్గరకు వస్తావా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు బిడ్డే చెప్పాలి, తల్లిదండ్రులు వినాలి. బలవంతంగా వేసిన గీతను దాటుతారు. తాము వేసుకున్న గీతను చాలామంది గౌరవిస్తారు.

ఆట ఎప్పుడు జబ్బు అవుతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో దీన్ని చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికన్న ఆటే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం అనే మూడు గుర్తులను చెప్పింది. ఇవి సాధారణంగా సంవత్సరకాలం కనబడాలి. సెలవులలో నాలుగు దినాలు ఎక్కువ ఆడినవాణ్ణి రోగి అనకూడదు. గుర్తులు నిజంగా ఉంటే తిట్టడం కాదు, మానసిక వైద్యునికి చూపించడం సరియైన పని.

పోటీ వేరు, పందెం వేరు అన్నది కూడా మరువకండి. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పోటీ అనే పేరుతో మీ బిడ్డ పందెం కాస్తున్నాడేమో కనుక్కోండి.

చివరిగా ఒక చిన్న సంగతి. ఇంటర్నెట్ పోటీలో ఆటను మధ్యలో నిలిపివేయడానికి వీలులేదు. తండ్రి కోపంతో వైరు లాగేస్తే జట్టంతా నష్టపోతుంది, బిడ్డ మనసులో పగ మిగులుతుంది. "ఈ ఆట ఎంతసేపట్లో అయిపోతుంది?" అని అడిగి, పక్కన కూర్చుని చూడండి. ఆట ముగిశాక అన్నం తింటూ మాట్లాడండి. పక్కన కూర్చున్న తండ్రికి బిడ్డ చాలా సంగతులు చెబుతాడు. చేతి నొప్పి సంగతి కూడా చెబుతాడు.

యౌవనస్థులారా, పెట్టె అమ్మితే సగం ధరైనా వస్తుంది. మణికట్టుకు, నిద్రకు, చదువుకోవలసిన వయసుకు పాతసామాను కొట్టు లేదు. సంతోషంగా ఆడండి. ఆపవలసిన వేళ వస్తే తల ఎత్తుకుని ఆపండి. మీ ఇంటివారు ఆ దినాన మీ పక్కన నిలబడాలి.