తాళం తిరిగింది, బండి కదల్లేదు

రాత్రి పదకొండు గంటలు. వీధి తలుపు దబదబ చప్పుడయింది.

"వదినా, లే వదినా! మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. కారు తియ్యి!"

ఆ అక్క గబుక్కున లేచింది. కారు ఆమెదే. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. దాచుకున్న డబ్బు కొంత కలిపింది. ఒక పాత కారు కొన్నది. డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. ఊళ్ళో ఎవరికి అవసరమైనా ఆమె కారే దిక్కు.

తాళం మీద బటన్ నొక్కింది. కారు తలుపులు టక్కున తెరుచుకున్నాయి. లోపల కూర్చుంది. తాళం పెట్టి తిప్పింది. ఇంజను బుర్రుమంది. రెండు క్షణాలు తిరిగింది. ఆగిపోయింది.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ బుర్రుమని ఆగిపోయింది.

వీధిలో వాళ్ళు పోగయ్యారు. తలా ఒక మాట అన్నారు.

"పెట్రోలు అయిపోయిందేమో చూడు."

"బ్యాటరీ పోయి ఉంటుంది."

"తోద్దాం పట్టండి."

నలుగురూ కలిసి తోశారు. వీధి చివరి దాకా తోశారు. బండి కదిలింది గాని ఇంజను అందుకోలేదు. అరగంట గడిచిపోయింది. అరుగు మీద ఆ పిల్ల నొప్పులతో మెలికలు తిరుగుతోంది.

అప్పుడు ఒక ముసలమ్మ కేక వేసింది. "బండి సంగతి తరవాత చూసుకోవచ్చు. ముందు 108కి ఫోను కొట్టండి!"

ఫోను చేశారు. అంబులెన్సు వచ్చింది. తెల్లవారేలోగా ఆసుపత్రిలో కాన్పు అయింది. తల్లీ బిడ్డా క్షేమం.

కాని ఆ అక్కకు మనసు మనసులో లేదు. బండి ఎందుకు కదల్లేదు? నిన్న పొద్దున బాగానే ఉంది కదా?

ఎర్ర దీపం ఏం చెప్పింది?

మర్నాడు మెకానిక్ వచ్చాడు. బానెట్ ఎత్తలేదు. ముందు ఒక ప్రశ్న అడిగాడు.

"అక్కా, తాళం తిప్పినప్పుడు స్టీరింగు ముందున్న పలకలో ఏ దీపం వెలిగింది?"

"ఏదో ఎర్ర దీపం తమ్ముడూ. కారు బొమ్మ ఉంది. దాని మీద తాళం బొమ్మ ఉంది. టపటపా కొట్టుకుంది."

"అదే అక్కా అసలు సంగతి. నీ ఇంజనుకు ఏ జబ్బూ లేదు. నిన్ను దొంగ అనుకుంది. అందుకే ఆగిపోయింది."

అక్క ఆశ్చర్యపోయింది. "నా కారు నన్నే దొంగ అనుకుందా?"

కారు మనిషిని ఎలా గుర్తుపడుతుంది?

పూర్వం కారు తాళం అంటే ఉత్త ఇనుప ముక్క. పళ్ళు సరిపోతే చాలు, బండి స్టార్ట్ అయ్యేది. దొంగలు తాళం లేకుండానే వైర్లు కలిపి బండి ఎత్తుకుపోయేవాళ్ళు.

దీన్ని ఆపడానికి ఒక ఏర్పాటు వచ్చింది. దాని పేరు ఇమ్మొబిలైజర్. అంటే బండిని కదలనివ్వనిది. యూరప్ దేశాల్లో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి చేశారు. మన దేశంలోనూ చాలా కార్లలో ఇది ఉంటుంది.

ఇది ఎలా పనిచేస్తుంది? రేషను షాపు గుర్తు చేసుకోండి. కార్డు చూపిస్తే సరిపోదు. మిషను మీద వేలు పెట్టాలి. వేలిముద్ర సరిపోతేనే బియ్యం ఇస్తారు. కారు కూడా అంతే.

తాళానికి పైన ప్లాస్టిక్ డొల్ల ఉంటుంది. అందులో చిన్న చిప్ ఉంటుంది. బియ్యపు గింజంత ఉంటుంది, కాస్త పెద్దది కూడా కావచ్చు. ఆ చిప్‌లో ఒక రహస్య నంబరు ఉంటుంది. అదే తాళానికి వేలిముద్ర.

తాళం పెట్టే రంధ్రం చుట్టూ సన్నని తీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ తీగ చిప్‌ను పలకరిస్తుంది. చిప్ తన నంబరు చెబుతుంది. కారులోని కంప్యూటరు ఆ నంబరు సరిచూస్తుంది. సరిపోతే ఇంజను నడుస్తుంది. సరిపోకపోతే ఇంజనుకు పెట్రోలు గాని, నిప్పురవ్వ గాని అందనివ్వదు.

అందుకే కొన్ని కార్లలో ఇంజను అసలు తిరగదు. కొన్నిటిలో తిరుగుతుంది గాని అంటుకోదు. కొన్నిటిలో అంటుకుని రెండు క్షణాల్లో ఆగిపోతుంది. ఈ స్థితిలో ఎంత తోసినా లాభం లేదు. ఆపింది కంప్యూటరు. తోపుడుకు అది లొంగదు.

ఆ రాత్రి తప్పు ఎక్కడ జరిగింది?

మెకానిక్ తాళం చేతిలోకి తీసుకుని చూశాడు. కొత్త డొల్ల తళతళలాడుతోంది.

"ఈ డొల్ల ఎప్పుడు మార్చావు అక్కా?"

"నిన్ననే. పాతది పగిలిపోయింది. బస్సులో సంతకు వెళ్ళినప్పుడు తాళాలు చేసేవాడి దగ్గర మార్పించాను."

"బటన్ పనిచేస్తోందా?"

"చేస్తోంది. తలుపులు తెరుచుకుంటున్నాయి."

"బటన్ వేరు, చిప్ వేరు అక్కా. వాడు బటన్ పలకను కొత్త డొల్లలోకి మార్చాడు. చిప్‌ను పాత డొల్లలోనే వదిలేశాడు. ఆ పాత డొల్ల ఏది?"

అక్క ఇంట్లోకి పరుగెత్తింది. పాత డొల్లను పిల్లవాడు ఆటకు తీసుకున్నాడు. బొమ్మల బుట్ట కింద పోసి వెతికింది. దొరికింది.

మెకానిక్ ఆ పగిలిన డొల్లను తాళం రంధ్రానికి ఆనించి పట్టుకున్నాడు. తాళం తిప్పమన్నాడు. అక్క తిప్పింది. ఇంజను బుర్రుమంది. ఈసారి ఆగలేదు. ఎర్ర దీపం ఆరిపోయింది.

తరవాత డొల్ల లోపలి నుంచి చిప్‌ను జాగ్రత్తగా తీసి కొత్త డొల్లలో పెట్టాడు. పని అయిపోయింది.

అక్క తలుపుకు ఆనుకుని నిలబడింది. "అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు బోర్డు చదువుతాను. సంఘం పుస్తకం చదువుతాను. కళ్ళెదుట వెలిగిన ఆ బొమ్మను మాత్రం చదవలేకపోయాను" అంది.

మనం బొమ్మలు చదువుదాం

బండి కదలనప్పుడు కంగారు పడకండి. ముందు చూడండి. తరవాత వినండి.

తాళం తిప్పితే ఏ దీపమూ వెలగలేదా? బ్యాటరీ పూర్తిగా పోయి ఉంటుంది. లేదా బ్యాటరీ వైరు ఊడి ఉంటుంది.

దీపాలు మసకగా వెలిగి, టిక్ టిక్ మని చప్పుడు వస్తోందా? బ్యాటరీలో బలం తగ్గింది. బాగున్న బ్యాటరీ, బండి ఆగి ఉన్నప్పుడు, మీటరులో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కు తగ్గితే బలహీనపడినట్టే. బ్యాటరీలో బలం లేకపోతే ఒక్కోసారి కారు చిప్‌ను కూడా సరిగా చదవలేదు. కాబట్టి తాళం దీపం కొట్టుకున్నా, బ్యాటరీని కూడా చూపించండి.

తాళం అసలు తిరగడం లేదా? స్టీరింగు బిగుసుకుందా? అది స్టీరింగు లాకు. దొంగ కోసం పెట్టిందే. తాళాన్ని బలవంతంగా తిప్పకండి, విరుగుతుంది. ఒక చేత్తో స్టీరింగును మెల్లగా ఇటూ అటూ కదపండి. రెండో చేత్తో తాళం తిప్పండి. వదులవుతుంది.

తాళం బొమ్మ గాని, తాళం ఉన్న కారు బొమ్మ గాని ఆరకుండా కొట్టుకుంటోందా? అది ఇమ్మొబిలైజర్ దీపం. తాళం తిప్పగానే ఆ దీపం కాసేపు వెలిగి ఆరిపోతే మంచిదే. నంబరు సరిపోయిందని అర్థం. బండికి తాళం వేసి వెళ్ళాక అది మెల్లగా మినుకుమంటే కూడా భయం లేదు. కాపలా కాస్తున్నానని చెబుతోంది.

ఇమ్మొబిలైజర్ ఆపితే ఏం చేయాలి?

ఒకటి. తాళం ఆపు చేసి బయటకు తీయండి. ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టి తిప్పండి.

రెండు. తాళాల గుత్తి చూడండి. మరో కారు తాళం గాని, అదే కారు రెండో తాళం గాని అదే గుత్తిలో ఉందా? ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మనకు ఏదీ వినపడదు. కారుకూ అంతే. ఆ తాళాన్ని విడదీసి దూరంగా పెట్టండి. పెద్ద ఇనుప బిళ్ళలు ఉంటే అవీ తీసేయండి.

మూడు. ఇంట్లో ఉన్న రెండో తాళం తెచ్చి చూడండి. దానితో బండి నడిస్తే మొదటి తాళంలోనే లోపం ఉంది.

నాలుగు. ఈ మధ్య తాళం నీళ్ళలో పడిందా? డొల్ల మార్చారా? డూప్లికేటు చేయించారా? గుర్తు చేసుకోండి. మెకానిక్‌కు ఆ మాటే ముందు చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఐదు. ఇవేవీ పనిచేయకపోతే కంపెనీ సర్వీసు వాళ్ళకు ఫోను చేయండి. వాళ్ళ దగ్గర కంప్యూటరు ఉంటుంది. దానితో తాళాన్నీ కారునూ మళ్ళీ కలుపుతారు.

తాళం దూర్చే పని లేకుండా బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లు కూడా ఉన్నాయి. వాటి తాళంలో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే కారు తాళాన్ని గుర్తుపట్టదు. అప్పుడు బ్రేకు తొక్కి, తాళాన్నే స్టార్ట్ బటనుకు ఆనించి నొక్కండి. చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. తలుపు తెరవడానికి ఆ తాళంలోనే చిన్న ఇనుప తాళం దాచి ఉంటుంది.

చేయకూడని పనులు

"వైరు కోసేస్తే సరి" అని ఎవరైనా అంటారు. ఒప్పుకోకండి. కాపలా పోతుంది. కారులో మిగతా పనులూ చెడిపోవచ్చు.

రెండో తాళాన్ని కారులో దాచకండి. దొంగకు తాంబూలంలో పెట్టి ఇచ్చినట్టే.

పళ్ళు మాత్రం కోసి ఇచ్చే చౌక డూప్లికేటుకు మోసపోకండి. అది తలుపు తీస్తుంది గాని ఇంజనును నడపదు. చిప్ ఉన్న తాళానికి వేల రూపాయలు కావచ్చు. అందుకే ఉన్నవాటిని భద్రంగా చూసుకోవాలి.

పాత కారు కొంటున్నారా?

కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, సీట్లు చూస్తాం. తాళాలు అడగడం మరిచిపోతాం. సాధారణంగా కొత్త కారుకు కంపెనీ రెండు తాళాలు ఇస్తుంది. అమ్మేవాళ్ళను రెండూ అడగండి. రెండింటితోనూ బండి స్టార్ట్ చేసి చూడండి. తాళం నంబరు ఉన్న చిన్న బిళ్ళ ఉంటే తీసుకోండి. ఇంట్లో దాచండి.

ఒక్క తాళమే ఇస్తే రెండోది ఏమైందో నిలదీయండి. అది ఎవరి చేతిలో ఉందో మనకు తెలియదు కదా! కారు దొంగతనం జరిగితే బీమా వాళ్ళు సాధారణంగా రెండు తాళాలూ చూపించమంటారు.

తాళం పోతే పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసి ఇవ్వండి. దాని నకలు తీసుకోండి. కొత్త తాళం కావాలంటే బండి ఆర్.సి., మీ గుర్తింపు కార్డు అడుగుతారు. మీ బండి అయితే ఆర్.సి. మీ పేరున ఉందో లేదో ఇప్పుడే చదివి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట

కాన్పు నొప్పులు, పాము కాటు, గుండె నొప్పి. ఇలాంటప్పుడు బండి ఒకటి రెండుసార్లు కదలకపోతే ఇక ఆగకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సేవ 2005లో మొదలయింది. డబ్బు కట్టనక్కరలేదు. బండిని రేపైనా బాగు చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ అక్క కారులో ఒక అట్ట ముక్క వేలాడుతోంది. తన చేత్తోనే రాసుకుంది. పైన 108 అని పెద్ద అంకెలు ఉన్నాయి. కింద మెకానిక్ నంబరు ఉంది. ఆ కింద ఎర్ర దీపం బొమ్మ గీసి, పక్కన ఇలా రాసింది: "తాళం చూడు. రెండో తాళం ఇంట్లో బియ్యం డబ్బా వెనక."

రెండో వాక్యం చదివి మెకానిక్ నవ్వాడు. "అక్కా, ఇది దొంగ కూడా చదువుతాడు!"

అక్క నాలుక కరుచుకుంది. ఆ వాక్యం కొట్టేసింది.

మాట్లాడుకుందాం

1. ఆ రాత్రి అరగంట ఎందుకు వృథా అయింది?

2. బటన్ నొక్కితే తలుపులు తెరుచుకున్నాయి. అయినా ఇంజను ఎందుకు నడవలేదు?

3. మీ ఊళ్ళో రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఎవరెవరికి ఫోను చేస్తారు? ఆ నంబర్లు ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించండి.